కోనసీమ పిల్లల బొమ్మల్లో కొండలెందుకు?

కోనసీమలో ఏ బడికైనా వెళ్లి ఆరో తరగతి పిల్లల డ్రాయింగ్ పుస్తకాలు తిరగేయండి. చాలావాటిలో ఒకటే దృశ్యం కనిపిస్తుంది. రెండు త్రికోణాల కొండలు, వాటి సందులోంచి సగం పైకొచ్చిన సూర్యుడు, అక్కణ్ణుంచి వంకర్లు తిరుగుతూ కిందికి దిగే నది, ఒడ్డున పూరిల్లు, పక్కన ఒక కొబ్బరిచెట్టు. ఇందులో ఆ ఊరిది కొబ్బరిచెట్టు ఒక్కటే. అమలాపురం, రాజోలు, ముమ్మిడివరం వైపు ఎటు చూసినా నేల చదునుగానే ఉంటుంది. ఓ మోస్తరు కొండ చూడాలంటే రాజమండ్రి దాటి పాపికొండల వైపు పోవాలి. పూరిళ్లు కూడా తగ్గిపోయి డాబాలు లేచాయి. అయినా పిల్లలు కొండే గీస్తారు, పూరిల్లే గీస్తారు. అన్న పుస్తకంలోనో, కొట్లో అమ్మే డ్రాయింగ్ బుక్కులోనో, ఇప్పుడైతే యూట్యూబ్‌లోనో ఉన్న బొమ్మను దించుకోవడమే వాళ్ల దృష్టిలో బొమ్మ గీయడం.

దించడం తప్పని కాదు. చెయ్యి తిరగాలంటే కొంత దించాల్సిందే. సంగీతం నేర్చుకునేవాళ్లు గురువు పాడింది పాడినట్టే ముందు అప్పజెబుతారు. చిక్కంతా ఆరు నుంచి తొమ్మిదో తరగతి దాకా కూడా దించడం దగ్గరే ఆగిపోవడంలో ఉంది. పిల్లల బొమ్మలు వయసుతో పాటు ఎలా మారతాయో 1947లో కళావిద్య పరిశోధకుడు విక్టర్ లోవెన్‌ఫెల్డ్ దశలుగా విడగొట్టి చెప్పాడు. తొమ్మిదేళ్లు దాటాక ఉన్నది ఉన్నట్టు రావాలన్న తపన మొదలవుతుందనీ, పన్నెండు, పదమూడు వచ్చేసరికి పిల్లలు తమ బొమ్మను తామే కఠినంగా తూకం వేసుకుంటారనీ ఆయన గమనిక. ఆ దశల సరిహద్దుల మీద తర్వాత వాదనలు వచ్చాయి గానీ, ఏ డ్రాయింగ్ మాస్టారిని అడిగినా ఈ మార్పు తన తరగతిలో చూసే ఉంటారు. మూడో తరగతిలో ఏనుగుని ఊదా రంగులో వేసి మురిసిపోయిన పిల్లే ఏడో తరగతికొచ్చాక కాగితం చేత్తో కప్పేసుకుని "నాకు రాదు సార్" అంటుంది. ఆ మాట ఒకసారి గట్టిపడితే జీవితాంతం ఉండిపోతుంది. పెద్దవాళ్లలో చాలామంది బొమ్మలు గీయడం మానేసింది ఆ వయసులోనే.

అందుకని ఈ మూడు నాలుగేళ్లలో బొమ్మల తరగతి చేయాల్సిన పని పెద్దగా ఉంటుంది. ఎదురుగా ఉన్నదాన్ని చూడటం, చూసినదాంట్లోంచి ఏది ఉంచాలో ఏది వదలాలో తేల్చుకోవడం నేర్పాలి. మొదటిది చిత్రకళకు పునాది, రెండోది డిజైన్‌కి. రెంటికీ గోదావరి డెల్టాలో సరంజామా కొరత లేదు. బడి దాన్ని పాఠంగా లెక్కేయకపోవడమే కొరత.

కాగితం మీద ఉన్నదీ బళ్లో ఉన్నదీ

చట్టాలు, విధానాలు చూస్తే కళకు పెద్దపీటే వేశారు. 2009 విద్యా హక్కు చట్టం షెడ్యూలు ప్రకారం, ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమంది కంటే ఎక్కువ పిల్లలుంటే కళావిద్యకు ఒక పార్ట్ టైమ్ బోధకుడు ఉండాలి. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం పదో తరగతి వరకూ కళలు తప్పనిసరి కావాలంది. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు పుస్తకాల సంచీ లేకుండా వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరులు, కళాకారుల దగ్గర పిల్లలు పని చూసి నేర్చుకోవాలని రాసింది.

బళ్లో మాత్రం డ్రాయింగ్ పీరియడ్ అంటే చాలాచోట్ల లెక్కల మాస్టారికి అప్పు. సిలబస్ అవ్వలేదంటే ముందు పోయేది అదే, ఆ తర్వాత ఆటల పీరియడ్. ఎనిమిదో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ పేరుతో టెన్షన్ మొదలయ్యే ప్రైవేటు బళ్లలో అసలు అప్పు ఇవ్వడానికైనా ఆ పీరియడ్ ఉండదు. ఇదంతా అందరికీ తెలిసిన సంగతే. పీరియడ్ దొరికిన చోట కూడా అందులో జరిగేదేమిటన్నది అంతకంటే తక్కువగా చర్చకొచ్చే విషయం. బోర్డు మీద మాస్టారు ఒక మామిడికాయ గీస్తారు, పిల్లలు దాన్ని దించుతారు. బయట కాంపౌండులో నిజం మామిడిచెట్టుకి కాయలు వేలాడుతుంటాయి.

సైకిల్ స్టాండు దగ్గర పాఠం

చూడటం ఎలా నేర్పుతారు? "బాగా చూడండి" అని చెబితే ఎవరికీ రాదు. చూడలేదన్న సంగతి ముందు వాళ్లకే తెలియాలి. దానికి సైకిల్‌ను మించిన పనిముట్టు లేదు.

డెల్టా హైస్కూళ్లలో సైకిల్ స్టాండు నిండుగా ఉంటుంది. పక్క లంక నుంచో, నాలుగు కిలోమీటర్ల అవతలి ఊరి నుంచో గట్టు మీదుగా తొక్కుకుంటూ వచ్చే పిల్లలు ఎందరో. సైకిల్ వాళ్లకి కొత్త కాదు, గొలుసు ఊడితే వాళ్లే ఎక్కించుకుంటారు. తరగతి గదిలో కూర్చోబెట్టి, సైకిల్ కనబడకుండా, జ్ఞాపకం మీద గీయమంటే తమాషా మొదలవుతుంది. కొందరు గొలుసుని ముందు చక్రానికి కలుపుతారు. కొందరు రెండు చక్రాల ఇరుసుల మధ్య ఒక అడ్డ కడ్డీ గీసేస్తారు, అలా ఉంటే హ్యాండిల్ అసలు తిరగదు. పెడళ్లు వెనక చక్రం మధ్యలోకి పోతాయి. సీటు గాల్లో ఉంటుంది. పెద్దవాళ్లని గీయమన్నా ఇవే తప్పులొస్తాయి కాబట్టి నవ్వాల్సిన పనిలేదు.

తర్వాతి పీరియడ్‌లో అదే కాగితం వెనక వైపు, స్టాండు ముందు నేల మీద కూర్చుని, చూస్తూ గీయాలి. రబ్బరు వాడకూడదు. గీత తప్పితే పక్కన ఇంకో గీత వేసుకోవాలి. ఈ రెండో బొమ్మ అందంగా ఉండదు, చాలాసార్లు మొదటిదానికంటే చిందరవందరగా ఉంటుంది కూడా. కానీ అందులో గొలుసు పెడళ్ల పళ్లచక్రం నుంచి వెనక ఇరుసుకి పోతుంది. ఫ్రేము రెండు త్రికోణాలుగా కనబడుతుంది. ఎందుకు త్రికోణాలే అని ఎవరో ఒకరు అడుగుతారు. అగ్గిపుల్లలు, వాటిని కలపడానికి సన్నటి సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలు ఇస్తే చతురస్రం కట్టి నొక్కగానే ఒరిగిపోతుందనీ, త్రికోణం ఒరగదనీ పదినిమిషాల్లో వాళ్లే తేల్చుకుంటారు. బొమ్మల పీరియడ్ తన దారిలో తాను పోతూనే డిజైన్‌లోకి, లెక్కల్లోకి అడుగు పెట్టింది.

ఇక్కడ టీచరు మాట్లాడే తీరు ముఖ్యం. "బాగుంది", "బాగాలేదు" అనే రెండు మాటలూ ఈ వయసులో పనికిరావు. మొదటిది వింటే పిల్లవాడు అక్కడే ఆగిపోతాడు, రెండోది వింటే మానేస్తాడు. "ఈ కడ్డీ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది? మళ్లీ చూసి చెప్పు" అంటే కళ్లు సైకిల్ మీదికి పోతాయి. గొప్పగా గీయగలిగిన మాస్టారే ఉండక్కర్లేదు, ఈ ప్రశ్న అడగడానికి సైన్సు టీచరైనా చాలు. ఆ మాటకొస్తే లాభపడేది కూడా సైన్సే. మందార పువ్వును నిలువునా కోసి చూసి గీసిన పిల్లకు కీలాగ్రం ఎక్కడుందో గైడు చూసి బట్టీ పట్టాల్సిన అవసరం రాదు.

చూడటంలో రెండో మెట్టు దూరం. పర్‌స్పెక్టివ్ అనే పాఠాన్ని పుస్తకాల్లో రైలు పట్టాల బొమ్మతో చెబుతారు. డెల్టాలో రైలు పట్టాల దాకా పోనక్కర్లేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక తవ్వుతూ పోయిన కాలువలు ఊరూరా ఉన్నాయి, తిన్నగా సాగే చోట గట్టు మీద నిలబడితే రెండు ఒడ్లూ దూరాన ఒక చుక్కలో కలిసినట్టు కనిపిస్తాయి. ఇంతవరకూ ఎవరైనా చెబుతారు. దీని పక్కనే ఇంకో సంగతి ఉంది, అది ఇంకా బాగుంటుంది. గట్టు వెంట వరసగా ఉన్న కరెంటు స్తంభాలను చూస్తే, దిగంతం గీత ప్రతి స్తంభాన్నీ ఒకే ఎత్తులో కోస్తుంది, దగ్గరిదైనా దూరానిదైనా. ఆ ఎత్తు చూసే పిల్ల కంటి ఎత్తే. పిల్ల కూర్చుంటే గీత అన్ని స్తంభాల మీదా ఒక్కసారే కిందికి దిగుతుంది. కొండలున్న ప్రాంతంలో దిగంతం కనబడక ఈ పాఠం చెప్పడం కష్టం. చదునైన డెల్టాలో కళ్లముందే ఉంటుంది. కొండలు గీసే పిల్లలకు తమ నేలకున్న ఈ వసతి సంగతి ఎవరూ చెప్పరు.

ఒక్క ఆకుపచ్చ సరిపోదు

పన్నెండు రంగుల క్రేయాన్ పెట్టెలో ఆకుపచ్చలు ఒకటో రెండో ఉంటాయి. వరిచేను, కొబ్బరి మట్ట, అరటాకు, కాలువలో గుర్రపుడెక్క అన్నీ ఆ ఒక్కదానితోనే అయిపోతాయి. నిజానికి సార్వా కాలంలో ఒక్క వరే ఎన్ని పచ్చలు మారుతుందో రైతుబిడ్డలకి తెలుసు. నారుమడిది పసుపు కలిసిన లేత పచ్చ. ఊడ్చిన కొత్తలో చేను పాలిపోతుంది, తేరుకున్నాక ముదురుతుంది, ఈనిక తర్వాత మళ్లీ పసుపు తిరుగుతుంది. చేను రంగు చూసి ఎరువు చాలిందో లేదో పెద్దవాళ్లు చెప్పేస్తారు. అంటే రంగు చదవడం ఆ ఇళ్లలో వృత్తి జ్ఞానం.

తరగతిలో చేయాల్సింది చిన్నదే. పిల్లలు తలో రకం ఆకు తెచ్చుకుని, నీటిరంగుల్లో పసుపు, నీలం మాత్రమే వాడి ఆ రంగు రాబట్టాలి. ఎంత కలిపినా ప్లాస్టిక్ పచ్చలాగే వస్తోందని విసుగొచ్చాక, చిటికెడు ఎరుపు కలిపి చూడమనాలి. కొబ్బరి ఆకు ముదురు పచ్చ అప్పుడు దొరుకుతుంది. ఎరుపు పచ్చదనాన్ని అణుస్తుందని ముందే చెప్పేస్తే ఆ పాఠం సగం చచ్చిపోతుంది.

రంగులు కొనే స్తోమత లేని చోట పసుపు, సున్నం చాలు. పసుపు నీళ్లలో సున్నం పడగానే ఎర్రబడుతుంది, పారాణి చేసేది అలాగే. దాని మీద నిమ్మరసం చుక్క వేస్తే మళ్లీ పసుపు. సైన్సులో ఆమ్లాలు, క్షారాలు చెప్పే వారంలోనే ఇది చేయిస్తే ఇద్దరు టీచర్లకీ పని తేలిక. బంకమట్టి సంగతి చెప్పనే అక్కర్లేదు. గోదావరి ఒండ్రు చేతికి అందుబాటులో ఉండగా, షాపులో డబ్బాల్లో అమ్మే రంగురంగుల ముద్ద కొనిపించడం ఎందుకో అర్థం కాదు.

చెంబుని అడగాల్సిన ప్రశ్నలు

డిజైన్ అనగానే బళ్లో అంచు పూలు, చీర బోర్డర్లు గుర్తొస్తాయి. అది అలంకరణ. డిజైన్ అంతకంటే ముందే, వస్తువు ఎందుకు అలా ఉందన్న ప్రశ్న దగ్గర మొదలవుతుంది. 1958లో భారత ప్రభుత్వం కోరితే అమెరికన్ డిజైనర్లు చార్లెస్, రే ఈమ్స్ దంపతులు దేశం తిరిగి ఒక నివేదిక ఇచ్చారు. అందులో వాళ్లు అన్నింటికంటే మెచ్చుకున్న వస్తువు మన చెంబు. ఎన్ని నీళ్లు పట్టాలి, చేతిలో ఎలా ఇమడాలి, నిండుగా ఉన్నప్పుడు, ఖాళీగా ఉన్నప్పుడు తూకం ఎలా ఉండాలి, వంచితే నీళ్లు ఎలా జారాలి, తోమడానికి చెయ్యి లోపలికి పోవాలా, ఎంతకి అమ్మాలి, పాతబడ్డాక లోహానికి ఎంతొస్తుంది, ఇలా ఒక్క చెంబు వెనక ఎన్ని ఆలోచనలున్నాయో వరసపెట్టి రాశారు. ఆ నివేదిక తర్వాతే 1961లో అహ్మదాబాద్‌లో జాతీయ డిజైన్ సంస్థ వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌కు అలాంటి సంస్థ 2015లో వచ్చింది.

దీన్ని ఏడో తరగతికి చెప్పాలంటే నివేదికతో పనిలేదు. తణుకు దగ్గర అజ్జరంలో ఇత్తడి సామాను చేసే పని తరాలుగా సాగుతోంది. బిందెలు, చెంబులు, గంటలు అక్కణ్ణుంచి ఊళ్లకు పోతాయి. పిల్లలు ఇంటి నుంచి ఒక ఇత్తడి చెంబు, ఒక స్టీలు చెంబు, ఒక ప్లాస్టిక్ మగ్గు తెచ్చి బల్ల మీద పెట్టుకోవాలి. మూడింట్లోనూ నీళ్లు నింపి పట్టుకుని నడవాలి, వంచాలి, బోర్లించాలి, ఒకదాంట్లో ఒకటి పెట్టి చూడాలి. మెడ ఎందుకు సన్నబడింది? అంచు ఎందుకు బయటికి తిరిగింది? మగ్గుకి పిడి ఎందుకు అవసరమైంది, చెంబుకి ఎందుకు కాలేదు? ఈ ప్రశ్నలకి జవాబులు చేతులే చెబుతాయి. ఆ తర్వాత చెంబుని పక్క నుంచి, పై నుంచి, నిలువునా కోసినట్టు మూడు రకాలుగా గీయాలి. ముందుముందు ఇంజనీరింగ్ డ్రాయింగ్‌లో వచ్చే పాఠమే ఇది, భయం లేకుండా వచ్చేస్తుంది.

అక్కణ్ణుంచి పిల్లలు తామే ఒక వస్తువు మార్చి చూడొచ్చు. మధ్యాహ్న భోజనం వరస ఎందుకు కదలదు, కంచాలు కడిగే కుళాయిల దగ్గర బురద ఎందుకవుతుంది అన్నది ప్రతి బడికీ ఉన్న డిజైన్ సమస్య. (2024 నుంచి ఆ పథకానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. ఆకలితో వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టిన ఆవిడది కోనసీమలోనే లంకల గన్నవరం. అంతమందికి వడ్డించిన ఇంట్లో వంటపాత్రల పరిమాణం, వరసల అమరిక ఎలా ఉండేవో ఊహించమనడం కూడా మంచి అభ్యాసమే.) లేదంటే ఆత్రేయపురం పూతరేకుల పెట్టె. పలచని రేకు ప్రయాణంలో నలిగిపోకుండా, చెమ్మ తగలకుండా, కొన్నవాడికి ఊరి పేరు కనబడేలా అట్టతో ఒక పెట్టె మడవాలి. దాని మీద పూలు ఎన్ని వేశారన్నది ఆఖర్న చూసుకోవచ్చు. బల్ల మీద నుంచి కింద పడేసి, లోపల రేకు విరిగిందో లేదో తీసి చూస్తే పరీక్ష అయిపోతుంది. విరిగిన రేకులు ఏమవుతాయో చెప్పనక్కర్లేదు.

చుక్కలు, గళ్లు

ముగ్గు గురించి ఎవరు రాసినా సంప్రదాయం, సంస్కృతి అంటూ మొదలెడతారు. ముగ్గు అంతకంటే గట్టి పాఠం. సందు చుక్కల ముగ్గులో మధ్య వరసలో ఏడు పెట్టి, అటూ ఇటూ ఒక్కోటి తగ్గిస్తూ నాలుగు దాకా వస్తే మొత్తం 37 చుక్కలు. ఐదు నుంచి మూడుకైతే 19, తొమ్మిది నుంచి ఐదుకైతే 61. ఒక ముగ్గు నుంచి తర్వాతి ముగ్గుకి పెరిగిన లెక్క 18, 24, ప్రతిసారీ ఆరుకి గుణిజమే. ఎందుకు ఆరు? చుక్కల్ని బయట అంచు వెంట కలిపి చూస్తే ఆరు భుజాలు కనబడతాయి. ఎదురు చుక్కలు ఏడు నుంచి ఒకటికి రెండేసి తగ్గిస్తూ పెడితే 25, ఆకారం నాలుగు భుజాలకి మారిపోతుంది. మెలిక ముగ్గులో ఇంకో మెలిక, చెయ్యి ఎత్తకుండా ఒకే గీతతో అన్ని చుక్కల్నీ చుట్టి రాగలమా లేదా అన్నది. కొన్నింటికి ఒక్క గీత చాలు, కొన్నింటికి రెండో మూడో కావాలి. ఏది ఎందుకో ఎనిమిదో తరగతి పిల్లలు వారం రోజులు కొట్టుకోవచ్చు.

అబ్బాయిల చేత ముగ్గు పెట్టించాలి. దీనికి వేరే వాదన అవసరం లేదు. ధనుర్మాసంలో ఇంటి ముందు అక్కచెల్లెళ్లు నేర్చుకున్న జ్యామితి వాళ్లకి అందకుండా పోవడానికి కారణం ఏమీ లేదు.

చుక్కల తర్వాత గళ్లు. నేతలోనే పువ్వులు వేసే ఉప్పాడ జాందానీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. డెల్టా అంచున సముద్రం ఒడ్డునున్న ఆ ఊళ్లో, నేసే ముందు పువ్వును గళ్ల కాగితం మీద వేసుకుంటారు. ప్రతి గడి ఇన్ని పోగులని లెక్క. ఇది తరగతిలోకి తేవడానికి లెక్కల గళ్ల పుస్తకం చాలు. అడ్డంగా పన్నెండు, నిలువుగా పదహారు గళ్లలో ఒక మామిడి పిందె వేయమనాలి. గడిని సగం నింపకూడదు, నింపితే పూర్తిగా, లేదంటే ఖాళీగా. పిందె వంపు ఇప్పుడు మెట్లు మెట్లుగా మారుతుంది. ఏ గడి నింపితే వంపులా కనబడుతుంది, ఏది వదిలేస్తే తోక తెగిపోతుంది? దూరంగా గోడకి అంటించి వెనక్కి నడిచి చూస్తేగాని తెలియదు. నరసాపురం లేసులో గళ్ల అల్లిక కూడా ఇదే సూత్రం మీద నడుస్తుంది, నిండిన గడి, ఖాళీ గడి. ఫోన్ తెరను భూతద్దంతో దగ్గరగా చూస్తే అక్షరాలు కూడా గళ్లుగానే ఉన్నాయని పిల్లలే కనిపెడతారు. మగ్గం, క్రోషే సూది, ఫోన్ తెర ఒకే ఆలోచన మీద పనిచేస్తున్నాయన్నది ఏ ప్రాజెక్టు చార్టు కంటే ఎక్కువ కాలం గుర్తుండే సంగతి.

చేతివృత్తులు బళ్లోకి వస్తే

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది, దాన్ని తేలిగ్గా తోసేయకూడదు. 1953లో, గోదావరి జిల్లాలు ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉండగానే, రాజాజీ ప్రభుత్వం పల్లె బళ్లలో ఒక పద్ధతి తెచ్చింది. పిల్లలు సగం పూట బళ్లో చదవాలి, మిగతా సగం పూట తండ్రి చేసే పని నేర్చుకోవాలి. కులవృత్తి చదువని జనం తిరగబడ్డారు, మరుసటి ఏడు దాన్ని ఎత్తేశారు. నేతగాడి కొడుకుని మగ్గానికే కట్టేస్తారన్న భయం అప్పటిది మాత్రమే కాదు. బండారులంకలోనైనా ఉప్పాడలోనైనా మగ్గం మీద కూర్చున్న తండ్రి కొడుకుని బళ్లో వేసింది మగ్గం దిగడానికే. లేసు సంగతీ అంతే. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివి గర్వపడొచ్చు. ఇంట్లో కూర్చుని అల్లే ఆడవాళ్లకి ముక్క లెక్కన అందే కూలి చూస్తే ఆ గర్వం నిలవడం కష్టం.

కాబట్టి చేతిపని వాళ్లను బడికి పిలిచే తీరులోనే అసలు విషయం ఉంది. పది రోజుల సంచీ లేని చదువులో భాగంగా లేసు అల్లే ఆవిడను పిలిచి, వేదిక మీద శాలువా కప్పి, ఫోటో తీసి పంపేస్తే పిల్లలకి తెలిసేది శాలువా గురించే. ఆవిడకు ఆ రోజు కూలి బడి చెల్లించాలి, అది టీచరు జీతం లెక్కన ఉంటే ఇంకా మంచిది. ఆవిడ చేతులు చూస్తూ తరగతిలో అన్ని ఇళ్ల పిల్లలూ, అబ్బాయిలతో సహా, గొలుసు కుట్టు వేయాలి. వృత్తి నేర్పడం ఇక్కడ ఉద్దేశం కాదు, ఆ చేతుల్లో ఎంత లెక్క ఉందో తెలియడం. ఆ తర్వాత ఎనిమిదో తరగతి లెక్కల్లోకి ఇంకో ప్రశ్న రావాలి. ఒక డాయిలీకి, అంటే బల్ల మీద పరిచే లేసు గుడ్డకి, ఎన్ని గంటలు పట్టింది, దారం ఎంత, చేతికొచ్చింది ఎంత, షాపులో రేటు ఎంత? డిజైన్ పాఠంలో ధర లేకపోతే అది సగం పాఠమే. ఈమ్స్ దంపతులు చెంబు దగ్గర కూడా ధర ప్రశ్న వదల్లేదు.

మన రాష్ట్రంలో డ్రాయింగ్ లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలు జరిపే టెక్నికల్ సర్టిఫికెట్ కోర్సుల్లోనే చేనేత, కుట్టుపని కూడా ఉన్నాయి. పరీక్షల విభాగానికి ఇవన్నీ ఒక కుటుంబమే. బళ్లోకి వచ్చేసరికి మాత్రం ఒకటి కళ, ఇంకొకటి వృత్తి, మూడోది ఆడపిల్లల పని అయిపోయాయి.

కులం గొడవ తక్కువగా, ఊరంతా కలిసి చేసే డిజైన్ కావాలంటే ప్రభ ఉంది. కనుమ నాడు మొసలపల్లి జగ్గన్నతోటకు పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రులను ప్రభల మీద భుజాలకెత్తుకుని తెస్తారు. 2023 గణతంత్ర దినోత్సవంలో ఢిల్లీలో మన రాష్ట్ర శకటం ఈ ప్రభల తీర్థమే. ఆ శకటాన్ని చూసి చప్పట్లు కొట్టిన పిల్లలకి, ప్రభ ఎలా నిలబడుతుందో అడిగితే తెలియదు. అంత ఎత్తున వెదుళ్లతో కట్టి, రంగు గుడ్డలు చుట్టి, వరిచేల గట్ల మీదుగా, కౌశిక ఏరు దాటించి తీసుకెళ్లాలి. గుడ్డ గాలికి తెరచాపలా పనిచేస్తే ఏమవుతుంది? బరువు కిందుంటే మేలా పైనుంటే మేలా? అలంకారం ఎక్కడ ఆపాలన్నది ఇక్కడ అందం ప్రశ్న కాదు, భుజాల ప్రశ్న. కొబ్బరి ఈనెలు, దారం, పాత చీర ముక్కతో రెండడుగుల ప్రభ కట్టి, ఫ్యాను ముందు పెట్టి, ఇద్దరు పిల్లలు మోసుకుంటూ మెట్లు దిగితే జవాబులు దొరుకుతాయి. సంక్రాంతి సెలవులకి ముందు వారం బళ్లో చదువు ఎలాగూ సాగదు కాబట్టి టైమ్ లేదన్న సాకు చెల్లదు.

రాజమండ్రి దాకా ఒక ప్రయాణం

పుస్తకాల్లో ముద్రించిన చిత్రాలు చూపించి కళా చరిత్ర చెప్పడం ఈ వయసుకి పెద్దగా ఎక్కదు. డెల్టా పిల్లలకి అదృష్టం ఏమిటంటే, అసలు చిత్రాలే అందుబాటులో ఉన్నాయి. 1897లో రాజమండ్రిలో పుట్టిన దామెర్ల రామారావులోని చేతిని ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే పసిగట్టి, బొంబాయి జె.జె. స్కూల్‌కి పంపాడు. తిరిగొచ్చి రాజమండ్రిలోనే చిత్రకళా పాఠశాల పెట్టిన రామారావు 1925లో మశూచితో పోయాడు, ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. ఆయన చిత్రాలు రాజమండ్రిలో ఆయన పేరిటే ఉన్న గ్యాలరీలో ఉన్నాయి. అదే కూల్డ్రే ప్రోత్సాహంతో ఎదిగినవాడే భీమవరం నుంచి వచ్చిన అడివి బాపిరాజు. ఒక టీచరు కళ్లు తెరిచి చూస్తే ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఈ ఊరి చరిత్రే చాలు.

విహారయాత్ర పేరుతో పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లిన బళ్లు లేకపోలేదు. గ్యాలరీ అంతా పావుగంటలో చుట్టి, ధవళేశ్వరం కాటన్ మ్యూజియం మీదుగా సాయంత్రానికి ఇంటికొస్తారు. అలా కాకుండా, తలో చిత్రం ఎంచుకుని దాని ముందే ఇరవై నిమిషాలు ఉండమనాలి. మొదటి అయిదు నిమిషాల్లో విసుగొస్తుంది. ఆ విసుగు దాటాకే, వెలుగు ఎటునుంచి పడుతోందో, మనిషి చెయ్యి ఎక్కడ మసకగా వదిలేశాడో కనిపిస్తుంది. పెన్సిల్‌తో ఆ చిత్రంలో వెలుగు, నీడ ఉన్న చోట్లు మాత్రమే మూడు మచ్చలుగా వేసుకుని రమ్మంటే, దించడం కూడా చూడటానికే పనికొస్తుంది.

మార్కుల సంగతి

ఇవన్నీ చేసినా మార్కు దేనికిస్తారన్న దాని మీదే పిల్లలు నడుస్తారు. నున్నగా రంగు నింపినదానికి పది, గీతలు కొట్టేసినదానికి నాలుగు అయితే మర్నాటి నుంచే తరగతి అంతా మళ్లీ యూట్యూబ్ చూసి దించుతుంది. అదీ కాకుండా ఇప్పుడు ఫోన్లో నాలుగు మాటలు చెబితే నున్నటి బొమ్మ అదే వచ్చేస్తుంది కాబట్టి, నునుపుకి మార్కు ఇవ్వడానికి ఇక అర్థమే లేదు. మార్కు పనిలో కనబడే ఆలోచనకు పోవాలి. మొదటి ప్రయత్నం, రెండో ప్రయత్నం రెండూ తేదీ వేసి పుస్తకంలో ఉన్నాయా? మధ్యలో ఏం మారింది? ఎందుకు మార్చావంటే రెండు వాక్యాల్లో చెప్పగలరా? మొదట బాగా రానివాళ్లకి ఈ పద్ధతిలో దారి ఉంటుంది. మొదట్నుంచీ చెయ్యి తిరిగినవాళ్లకి కొంచెం ఇబ్బంది, ఎందుకంటే వాళ్ల రెండో బొమ్మలో మార్పు తక్కువుంటుంది. వాళ్లకి కష్టమైన వస్తువు ఇవ్వాలి, ఉదాహరణకు గళ్ల చాప మీద పెట్టిన గాజు సీసా.

టైమ్ టేబుల్లో వారానికి రెండు విడి పీరియడ్లకంటే రెండు వారాలకోసారి రెండు కలిపి ఇస్తే మేలు. నలభై అయిదు నిమిషాల్లో రంగులు తీయడానికి పది నిమిషాలు, కడగడానికి ఇంకో పది పోతాయి. భోజనానికి ముందు పెట్టకపోవడం మంచిది, చేతులకి అంటిన రంగుతో కుళాయిల దగ్గర ఇంకో అరగంట పోతుంది.

తల్లిదండ్రులకి నచ్చజెప్పడం చివరి పని, బహుశా కష్టమైనది కూడా. ప్రభుత్వ బళ్లలో 2024 డిసెంబరు 7న మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జరిగింది. అలాంటి మీటింగులకు మామూలుగా గోడలకి ఎక్కేవి బాగా గీసే అయిదారుగురి చార్టులే, మిగతా నలభైమంది తల్లిదండ్రులు వాటిని చూసి వెళ్లిపోతారు. దానికి బదులు ప్రతి పిల్లవాడి రెండు సైకిళ్లనూ, జ్ఞాపకం మీద వేసిందీ చూసి వేసిందీ, పక్కపక్కనే అంటించొచ్చు. ఇంటి సైకిల్‌కి గొలుసు ఎటు పోతుందో తండ్రికి తెలుసు, కాబట్టి కొడుకు ఏం నేర్చుకున్నాడో వేరే ఎవరూ వివరించాల్సిన పని ఉండదు.